కొలత తప్పిన శ్రుతి

“ఇది నా గొంతు కాదురా అబ్బాయీ. బాగానే ఉంది కానీ, నాది కాదు.”

2007 వేసవిలో, బందరులో మా మేడమీది గదిలో, మా మేనమామగారు చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెడుతూ అన్న మాట ఇది. అప్పటికి ఆయనకు 74 ఏళ్ళు. దివిసీమలో, అవనిగడ్డకు దక్షిణాన ఒక పల్లె ఆయనది. పద్యనాటకాలకు హార్మనీ వాయిస్తూ, అవసరం పడితే వేషమూ కట్టి, వయసంతా ఆ రాత్రుళ్ళలోనే వెళ్ళబుచ్చిన మనిషి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆయన ఇంటినీ, హార్మనీనీ, పద్యాలూ వరసలూ రాసుకొన్న పుస్తకాలున్న ట్రంకుపెట్టెనూ పట్టుకుపోయింది. ఆ ఉప్పెనలో పోయిన ప్రాణాలు పదివేలకు తక్కువ కావు. అందుచేత పెట్టె పోయిందని ఆయన ఎన్నడూ ఎవరి దగ్గరా వాపోలేదు. వాపోవడం మర్యాద కాదనుకొన్నారు కాబోలు. తరువాత గుడివాడలో కూతురి దగ్గర స్థిరపడి, మరొక హార్మనీ కొనుక్కొని, మళ్ళీ నాటకాలకు వెళ్ళారు.

పుస్తకాలు పోయినా పద్యాలు ఆయన నోట మిగిలాయి. ఏ పద్యాన్ని ఏ నటుడు ఏ రాగంలో ఎత్తుకొనేవాడో, ఎక్కడ సాగదీసేవాడో, ఎక్కడ జనం వన్స్‌మోర్ అనేవారో అన్నీ గుర్తే. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి దాచుదామని నా సంకల్పం. నా సామగ్రి అంతా కలిపి ఒక ల్యాప్‌టాప్, ఒక చవక మైకు, ఒక చిన్న మిక్సరు, ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకొన్న చేతిరికార్డరు. రెండు రోజుల పని అనుకొన్నాను. ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజుల్లో ఎదురైన చిక్కులు ఒక్కొక్కటీ ఎక్కడివా అని వెతుక్కొంటూ వెళ్ళగా, వాటిలో పెద్దవన్నీ కంప్యూటరు కన్నా పాతవని తేలింది. ఒకటైతే మా బందరువాడొకాయన వందేళ్ళనాడే నెత్తికెత్తుకొన్నది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ గొంతు సంగతి.

నేను వాదించబోయాను. మన గొంతు మనకు లోపలినుంచి వినిపించేది ఒకటి, బయటికి వినిపించేది మరొకటి, అందరికీ మొదటిసారి అలాగే ఉంటుంది మావయ్యా అన్నాను. ఆయన మాట్లాడకుండా హార్మనీ దగ్గరికి లాక్కొని, స్పీకరులోంచి పద్యం వస్తూండగా ఒక మెట్టు నొక్కి చూపించారు. “నేను పాడింది నాలుగులో. నీ పెట్టె నాలుగున్నర దాటి, ఐదు అందుకోలేక, నడిమధ్యన పాడుతోంది. అక్కడ మనిషి పాడతాడా?”

హార్మనీ మెట్టుతో తూచిన మాటకు ఎదురేముంది? వెతికితే తప్పు నాదేనని తేలింది. ధ్వనిని కంప్యూటరు ముక్కలు ముక్కలుగా కొలిచి దాస్తుంది. సెకనుకు 44,100 సార్లు కొలవమని ఒకచోట చెప్పి, వినిపించేటప్పుడు సెకనుకు 48,000 చొప్పున వదలమని మరొకచోట చెప్పాను. పద్యం దాదాపు తొమ్మిది శాతం వేగంగా పరిగెత్తింది. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి ఒక మెట్టు పైకి జరుగుతుంది. తొమ్మిదికి ఒకటిన్నర మెట్లు. ఆయన చెవి చెప్పిన లెక్క సరిగ్గా అదే.

ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడినుంచి ఊడిపడిందో చెప్పుకోవడం సరదాగా ఉంటుంది. 1970ల చివరినాటికి ధ్వనిని అంకెలుగా మార్చడం వచ్చి ఉంది గానీ అన్ని అంకెలను రాసుకొనే చోటు లేదు. వీడియో టేపు ఒక్కటే అంత మోయగలది. టీవీ బొమ్మలో ఒక్కొక్క గీతకు మూడేసి కొలతలు పెట్టారు. అమెరికా, జపాను పద్ధతిలో సెకనుకు 60 అరబొమ్మలు, ఒక్కొక్క దానిలో వాడుకోదగిన గీతలు 245. ఐరోపా పద్ధతిలో 50 అరబొమ్మలు, 294 గీతలు. మన దూరదర్శన్‌ది ఈ రెండవదే. ఎలా గుణించినా 44,100 వస్తుంది. 1982లో బజారుకు వచ్చిన సీడీ ఆ అంకెనే పట్టుకొంది. స్టూడియోలూ వీడియోల లోకమూ 48,000 వైపు వెళ్ళాయి. ఆ రెండు లోకాల తగవు మా మేడమీద, ఒక ముసలాయన నాలుగు శ్రుతిలో తేలింది.

తగవు మాత్రం పాతదే. గ్రామఫోను కంపెనీవారు ఇండియాలో మొదటిసారి గొంతులు పట్టుకొన్నది 1902లో, కలకత్తాలో. గౌహర్‌జాన్ పాటలు అప్పటివే. 78 చుట్ల రికార్డు అని మనం ఇప్పుడు స్థిరంగా అనేస్తాం కానీ, తొలి పాతికేళ్ళలో ఆ 78కి పెద్ద కట్టుబాటు లేదు. 70 మొదలు 80 పైదాకా ఎవరికి తోచిన వేగంలో వారు తీశారు. 74 చుట్లలో తీసినదాన్ని నిష్ఠగా 78లో తిప్పితే శ్రుతి దగ్గర దగ్గర ఒక మెట్టు పైకి పోతుంది. పాతకాలం వారి గొంతులు కొన్ని మనకు సన్నగా, తొందరగా, కాస్త ఆడగొంతులాగా తోచడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పైగా 1925లో మైకు వచ్చేదాకా గాయకుడు ఒక కొమ్ముబూరలోకి అరవవలసిందే.

అయితే నాటకాల పద్యగాళ్ళ విషయంలో దీనితో అంతా తేలదు. వాళ్ళు నిజంగానే ఎత్తున పాడారు. మైకులు లేని పందిట్లో, వేలాది జనంలో చివరి వరసవాడికి మాట వినపడాలంటే ఐదు, ఐదున్నర శ్రుతి పట్టక తప్పదు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి రికార్డులు ఊరూరా తిరిగిన రోజుల్లో, పల్లెటూరి నటులు ఆ శ్రుతిని ప్రమాణంగా పెట్టుకొని గొంతులు చించుకొన్నారని మా మావయ్య అనేవారు. పెట్టె ఒక మెట్టు ఎక్కువ పాడి ఉంటే? ఆ మెట్టు కోసం ఎన్ని గొంతులు పాడయ్యాయో!

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు ఈ డెల్టాలో రాని ఇల్లు లేదన్న రోజులుండేవి. ఆ జంటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు చెప్పినవారే. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా రంగం మీదికి వచ్చేవారు. ఒకాయన శ్రుతి ఐదు, తరువాతి ఆయనది నాలుగున్నర. మధ్యలో తేడా జనానికి తెలియకుండా సర్దుకోవలసినవాడు హార్మనిస్టు. కనుక శ్రుతి జరిగిందని మా మావయ్య ఇట్టే పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. అది ఆయన వృత్తి.

రెండవ చిక్కు రొద. ఏమీ పాడకపోయినా స్పీకరులో అడుగున గుంయ్‌మని ఒక మూలుగు. ఇంట్లో పాట ఎక్కించే ప్రతివారికీ ఇది ఎదురవుతుంది కనుక ఎక్కువ చెప్పను. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఆ 50, దాని రెట్టింపు 100, అలా గుణిజాలన్నీ తీగల్లోంచి పాటలోకి పాకుతాయి. కంప్యూటరు ఒక ప్లగ్గులో, మిక్సరు మరో గదిలోని ప్లగ్గులో ఉంటే, రెండింటి ఎర్తులకూ మధ్య ఒక వలయం ఏర్పడి రొద ఎక్కువవుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే చాలావరకు పోయింది. అన్నిటినీ ఒకే బోర్డుకు తగిలించి, ఎర్తు తీగ సరిచేయిస్తే మరికొంత పోయింది. ఇక్కడా ఒక తమాషా ఉంది. 100 అనే రొద స్వరం ఐదు శ్రుతికి ఓ పిసరు పైన ఉంటుంది. నాలుగు శ్రుతిలో పాడేవారికి అది చతుశ్రుతి రిషభం, కాస్త ఎత్తు. మోహనలో పద్యం ఎత్తుకొన్నప్పుడు మా మావయ్య దాన్ని పట్టించుకోలేదు. హిందోళం ఎత్తుకోగానే చిరాకుపడ్డారు. రిషభమే లేని రాగంలో కరెంటు కూర్చుని రిషభం పాడుతూంటే ఎవరికి మాత్రం చిరాకు రాదు?

ఆ రొద సంగతి మళ్ళీ చెప్పవలసి వస్తుంది, గుర్తుంచుకోండి.

మూడవది ఆలస్యం. పాడేవారికి తమ పాట హెడ్‌ఫోన్లలో వినిపించాలి కదా. కంప్యూటరు ధ్వనిని చేదతో తోడినట్టు తోడుతుంది. చేద నిండేదాకా ఆగాలి. ఆ చేదనే బఫర్ అంటారు. 1024 కొలతలు పట్టే చేద అయితే నిండడానికి 23 మిల్లీసెకన్లు, బయటికి పోసేటప్పుడు మరో 23. మిల్లీసెకనుకు ధ్వని గాలిలో పోయే దూరం మూర కన్నా తక్కువే, 34 సెంటీమీటర్లు. మొత్తం ఆలస్యాన్ని దూరంగా మారిస్తే 16 మీటర్లు. తన హార్మనీ తనకే 16 మీటర్ల అవతలినుంచి వినిపిస్తూంటే ఎవరు వాయించగలరు? “పందిరి చివర కూచుని వాయిస్తున్నట్టుందిరా” అన్నారాయన. లెక్క చేసి చెబితే నవ్వారు. నేను చేదను చిన్నది చేశాను. 256కు దించాను. ఆలస్యం పోయింది, కొత్త పీడ పట్టుకొంది. పాటలో ఉండి ఉండి టిక్కు టిక్కుమని చప్పుళ్ళు. చేద మరీ చిన్నదైతే కంప్యూటరు వేరే పని మీద అటు తిరిగినప్పుడు నీళ్ళు పొర్లిపోతాయి. ఆ పోయిన నీళ్ళ చప్పుడే అది. 512 దగ్గర స్థిరపడదామని చూసినా, చప్పుళ్ళు తగ్గాయే గాని పోలేదు.

ఆ చప్పుళ్ళను నేను మచ్చలనుకొన్నాను. ఫోటో మీద పడ్డ ఇంకుచుక్క వంటివి, తుడిచేస్తే సరి అనుకొన్నాను. అసలు నష్టం వేరే ఉందని వారం తరువాత తెలిసింది. నా మిక్సరులో ఆ మైకుకే చోటుండడం వల్ల మావయ్య గొంతును ల్యాప్‌టాప్‌లోకీ, హార్మనీని చేతిరికార్డరులోకీ ఎక్కించి, తరువాత రెండూ పక్కపక్కన పెట్టి కలుపుదామని నా ఏర్పాటు. నలభై నిమిషాల రంగం. మొదటి పద్యంలో రెండూ అచ్చంగా కలిశాయి. పదో పద్యానికి హార్మనీ గొంతు వెనక పడింది. చివరికి వచ్చేసరికి, ఆయన రాగం ముగించి ఊపిరి తీసుకొన్నాక గాని హార్మనీ ముగియడం లేదు. ఇద్దరూ ఒకే మనిషి! గొంతూ వేళ్ళూ ఒకే ఒంటివి. వాటిని నా రెండు పెట్టెలు విడదీశాయి.

ఇక్కడే మా ఊరి పెద్దాయన తలపుకు వచ్చాడు.

రఘుపతి వెంకయ్యనాయుడి పేరు తెలుగువారికి ఆయన పేరిట ఇచ్చే అవార్డు వల్ల తెలుసు. తెలుగు సినిమా పితామహుడంటాం. బందరులో పుట్టి, మదరాసు చేరి, ఫోటో స్టూడియో పెట్టి నిలదొక్కుకొన్నవాడు. 1909 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం సంగతి తెలిసి, నడుస్తున్న స్టూడియోను తాకట్టు పెట్టి దాన్ని కొన్నాడు. దాని ఖరీదు 30,000 రూపాయలని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. 1910లో మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఆటలు వేశాడు. (బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైనదీ ఆ ఏడే. అటు స్వదేశీ, ఇటు ఫ్రెంచి యంత్రం. రెండూ ఒకే ఊరి మనుషుల కోరికలే.) తరువాత ఆ యంత్రాన్ని వెంటబెట్టుకొని దక్షిణాదిలో తిరిగాడు, సింహళం, బర్మా వెళ్ళాడు. తిరిగి వచ్చి మదరాసులో గెయిటీ థియేటరు కట్టాడు. 1921లో కొడుకు ప్రకాశ్‌తో కలిసి చిత్రనిర్మాణంలోకి దిగడం, భీష్మప్రతిజ్ఞ తీయడం అందరికీ తెలిసిన కథే.

ఆ కథ చెప్పేవారు ఎక్కువగా సినిమా వైపునుంచి చెబుతారు. యంత్రం పేరు చెప్పి ముందుకు సాగిపోతారు. నాకు ఆ యంత్రం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

దాన్ని తయారుచేసినది పారిస్‌లోని లియాన్ గామంట్ సంస్థ. క్రోనోఫోన్ అన్న పేరుతో గామంట్ దీన్ని మొదట 1902లో ప్రదర్శించాడు. పెద్ద హాళ్ళకు పనికివచ్చేలా ధ్వనిని పెంచినది క్రోనోమెగాఫోన్. అప్పటికి ఆంప్లిఫయర్లు లేవు. గ్రామఫోను ముల్లు ఒక చిన్న కవాటాన్ని ఆడిస్తే, ఒత్తిడితో వచ్చే గాలి ఆ కవాటంగుండా పాటగా బయటికి వచ్చేది. అంటే అది గాలితో అరిచే గ్రామఫోను. బొమ్మ చూపే యంత్రం హాలు వెనక, పాట పాడే యంత్రం తెర దగ్గర. రెండింటికీ రెండు విద్యుత్ మోటార్లు. ఆ రెండూ ఒకే నడక నడవడానికి మధ్య తీగలు. అంతటితో కుదరదని గామంట్‌కు తెలుసు. అందుకని ఆపరేటరు ముందర ఒక పలక ఉంచాడు. బొమ్మ వెనకబడుతోందా ముందుకు పోతోందా అన్నది ముల్లు చూపిస్తుంది. చేతితో పిడి తిప్పి బొమ్మ వేగాన్ని సవరించుకోవాలి. ఆ పలకకు వాళ్ళు పెట్టుకొన్న పేరు ‘వాద్యబృంద నాయకుడు’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట. నాటకంలో హార్మనిస్టు చేసే పనే ఇదీనూ.

ఆ చిన్న బొమ్మలు తీసిన పద్ధతి కూడా చెప్పాలి. కొమ్ముబూర గాయకుడి నోటికి ఆనుకొని ఉంటే గాని పాట ఎక్కదు. బూర బొమ్మలో కనపడకూడదు. కనుక ముందు పాట ఎక్కించి, తరువాత ఆ పాటను వినిపిస్తూ, కెమెరా ముందు పెదవులు ఆడించి బొమ్మ తీసేవారు. మన సినిమాకు ప్రాణమైన ప్లేబాక్ పద్ధతి అదే. దానికి తెలుగులో పేరు తెచ్చిన ఘంటసాల పుట్టినది గుడివాడ పక్కనున్న చౌటపల్లిలో, 1922లో. అంతకు పుష్కరం ముందే బందరు మనిషి ఆ పద్ధతిలో తీసిన బొమ్మలు మోసుకొని దేశాలు తిరిగాడు.

ఇక ఆ యంత్రం నడిపేవాడికి వచ్చే కష్టం. ఫిల్ము తెగుతుంది. తెగినచోట చెడిన ముక్క తీసి అతికించాలి. మూకీల వేగంలో అడుగు ఫిల్ము దాదాపు ఒక సెకను. అడుగు పోతే, ఆ అతుకు దాటినప్పటినుంచి ఆట చివరిదాకా బొమ్మ పాటకన్నా ఒక సెకను ముందుంటుంది. తెర మీద అతుకు ఒక్క క్షణం కనపడి మాయమవుతుంది. దాని వల్ల పోయిన కాలం మాత్రం మిగిలిన పాట మొత్తాన్నీ పాడుచేస్తుంది. 1926 తరువాత అమెరికాలో డిస్కుల మీద ధ్వనితో వచ్చిన వైటాఫోన్ చిత్రాలకూ ఇదే గతి. ఆ ఆపరేటర్లు దీనికొక ఉపాయం పాటించారు. ఎంత ముక్క పోయిందో అంత నల్ల ఫిల్మును ఆ చోట అతికించేవారు. బొమ్మ క్షణం సేపు ఆరిపోతుంది, నడక మాత్రం తప్పదు. తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో వచ్చేనాటికి ధ్వనిని ఫిల్ము అంచునే ముద్రించడం వచ్చింది. రెండు యంత్రాల బాధ తప్పింది. 1941లో కన్నుమూసిన వెంకయ్య ఆ మార్పును చూసే వెళ్ళాడు.

ఇది చదువుకొన్న రాత్రి నా టిక్కుల అర్థం తెలిసింది. అవి మచ్చలు కావు, అతుకులు. ఒక్కొక్క టిక్కు దగ్గర ఒక చేదెడు ధ్వని పోయింది. 512 కొలతలంటే 12 మిల్లీసెకన్లు. ముప్ఫై టిక్కులకు మూడో వంతు సెకను పైన. గొంతు ట్రాకు అంత పొట్టిదైంది కనుక హార్మనీ వెనకబడినట్టు వినిపించింది. అన్ని టిక్కులనూ చక్కగా తుడిచేసి, ఎంత బాగుచేశానో అని మురిసిపోయానే గాని, పోయిన కాలాన్ని తిరిగి పెట్టలేదు.

ఇంకొక తేడా కూడా ఉండవచ్చు కదా అన్న అనుమానం వచ్చింది. ప్రతి పెట్టెలోనూ ఒక స్ఫటికం గడియారంలా పనిచేస్తుంది. ఏ రెండు స్ఫటికాలూ ఒక్కలాగా కొట్టుకోవు. పది లక్షలకు యాభై వంతుల తేడా మామూలు. గంటకు అది 0.18 సెకను. గడియారాల తేడా ఎంత, అతుకుల తేడా ఎంత అని విడదీయాలి. మావయ్యకు చెబితే, మందసంలోంచి తాళాలు తీసి, “ప్రతి పద్యానికీ ముందొకసారి, వెనకొకసారి కొడతాను, సరేనా” అన్నారు. సినిమావాళ్ళు క్లాప్ కొట్టేది ఇందుకేనని ఆయనకు తెలియదు. తాళం చప్పుడు రెండు పెట్టెల్లోనూ సూదిమొనలా పడుతుంది. మొదటి సూదులను కలిపి పెట్టి మిగతావాటిని చూస్తూ పోతే, ఎడం నెమ్మదిగా, సమానంగా పెరిగితే అది గడియారాల తేడా. ఒక్కసారిగా గెంతితే అక్కడ ధ్వని పోయింది. మా రికార్డులో రెండూ ఉన్నాయి.

గెంతిన చోటల్లా పోయినంత నిశ్శబ్దాన్ని పెట్టాను, నల్ల ఫిల్ము పెట్టినట్టు. నెమ్మది తేడాకు హార్మనీ ట్రాకును కొలిచిన నిష్పత్తిలో కుదించాను. ఆ తరువాత అసలు కారణం వెతికితే, ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ నెట్‌వర్కు పరికరం మాటిమాటికీ చుట్టూ వెతుకుతూ తక్కిన పనుల్ని ఆపేస్తోందని తేలింది. మా మేడ మీద దానికి దొరికేది ఏముంది, వేపచెట్టు తప్ప? దాన్ని ఆపేసి, వైరస్‌లు వెతికే ప్రోగ్రామునూ ఆపి, చేదను 1024కు పెంచి, ఆయనకు హెడ్‌ఫోన్లు లేకుండానే పాడమన్నాను. టిక్కులు మాయమయ్యాయి. మిగిలిన పద్యాలు హాయిగా సాగాయి. మొత్తం 112 పద్యాలు. ఏదీ ఐదు నిమిషాలు మించకుండా విడివిడిగా ఎక్కించాం. అంత కొద్ది కాలంలో గడియారాలు ఎంత తప్పినా చెవికి అందదు.

2011లో మా మావయ్య పోయారు. నిరుడు వాళ్ళింటి అటక దింపుతుంటే ఒక క్యాసెట్టు దొరికింది. పైన పెన్సిలుతో ‘గుడివాడ, 84’ అని ఉంది. తొంభై నిమిషాల క్యాసెట్టు. ఆయన యాభై ఏళ్ళ వయసులో, పందిట్లో, నిండు జనం మధ్య హార్మనీ వాయిస్తూ తానే కొన్ని పద్యాలు పాడిన రాత్రి అది. ఉప్పెనకు ముందటివి ఎలాగూ లేవు. ఆయన బలంగా ఉన్ననాటి గొంతుగా మాకు మిగిలింది ఇదొక్కటే.

వేస్తే ఐదు శ్రుతిలో పాడుతున్నారు. మా వదిన, అంటే ఆయన కూతురు, వినగానే, “నాన్న గొంతు ఇంత సన్నగా ఉండేది కాదు” అంది. మళ్ళీ అదే మాట! ఈసారి మెట్టు నొక్కి తేల్చడానికి ఆయన లేరు.

క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఎక్కించిన టేప్‌రికార్డరు నెమ్మదిగా నడిచి ఉంటే ఇప్పుడు సరైన వేగంలో వేసినా పాట పైకి పోతుంది. నా టేప్‌రికార్డరు తప్పు కాదని, శ్రుతి ముందే తెలిసిన కంపెనీ క్యాసెట్టు ఒకటి వేసి తేల్చుకొన్నాను. మరి ఆ రాత్రి వేగమెంతో ఎలా తెలియాలి?

అప్పుడు వినపడింది, అడుగున, గుంయ్‌మని రొద. పందిట్లో మైకు కరెంటు మీద నడిచింది కదా. పద్యానికీ పద్యానికీ మధ్య జనం సద్దుమణిగిన నాలుగు సెకన్లు కత్తిరించి, అందులోని స్వరాలను తెర మీద పరిచి చూశాను. యాభై దగ్గర కొలత మొద్దుగా ఉంటుందని పదో గుణిజం చూశాను. 500 దగ్గర ఉండవలసిన గీత 524 దగ్గర ఉంది. అంటే దాదాపు ఐదు శాతం వేగం. అయితే దీన్ని గుడ్డిగా నమ్మడానికి లేదు. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్ వేరుగా నడిచేది, 2013 డిసెంబరు 31న గాని జాతీయ గ్రిడ్‌తో కలవలేదు. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలనప్పుడు కరెంటు 50 నుంచి 49కి, ఇంకా కిందికి జారడం ఆనాటి మామూలు. 49 అనుకొంటే వేగం ఏడు శాతం అవుతుంది. ఐదుకూ ఏడుకూ మధ్య మూడో వంతు మెట్టు తేడా. వదిన చెవికి అది చాలు కాదనడానికి.

ఉప్పెన తరువాత ఆయన కొనుక్కొన్న హార్మనీ వాళ్ళ వరండాలో గుడ్డ కప్పి ఉంది. ఆ రాత్రి పందిట్లో మోగినది ఆ పెట్టే. దుమ్ము దులిపి, తిత్తి ఊది, నాలుగున్నర మెట్టు నొక్కి స్వరాన్ని కొలిచాను. క్యాసెట్టులోని హార్మనీ ఆధారస్వరం దానికి అచ్చంగా ఒక మెట్టు పైన ఉంది. అంటే టేపు ఆరు శాతం వేగం. దాన్నిబట్టి వెనక్కి లెక్కిస్తే ఆ రాత్రి గుడివాడలో కరెంటు 49.5 దగ్గర నడిచింది. నమ్మదగిన అంకె. వేగం తగ్గించి వేశాం.

వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకొంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. పద్యం చివర రాగం పూర్తయ్యేదాకా కదలలేదు. తరువాత, “ఆ వెనక దగ్గినవాళ్ళెవరో!” అంది.

ఈ క్యాసెట్టుకు రెండు నకళ్ళు చేశాను. ఒకదానిలో రొద తీసివేసి, ఇంట్లో వినేవారికి ఇచ్చాను. రెండవదానిలో వేగం కూడా దిద్దలేదు, రొద ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, 524 అన్న అంకెనూ హార్మనీ మెట్టునూ ఫైలు పక్కన రాసి పెట్టాను.